ముందు మోడ్ చెప్పు

తమ్ముడూ,

ఆల్పైన్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం నువ్వు రాసిన ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా వేరే కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) పేజీ, డాక్యుమెంటేషన్ మొత్తానికి వేసిన విషయసూచిక రెండూ చదివాను. వాక్యాలు బాగున్నాయి. కానీ చివరి అడుగులు చూసి ఒళ్లు మండింది.

పాస్‌వర్డ్‌కు బదులు లాగిన్‌కు వాడే కీని రూట్ (అడ్మిన్ యూజర్) హోమ్ డైరెక్టరీలో పెట్టమన్నావు. పాస్‌వర్డ్ లాగిన్ ఆపమన్నావు. మార్పులను భద్రపరిచే ఎల్‌బీయూ కమిట్ కమాండ్ కొట్టి రీబూట్ చేయమన్నావు. డిస్క్‌లెస్ మోడ్‌లో నడిచే రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద ఇదే వరసలో చేసినవాడి సంగతి ఆలోచించావా? ఆ మోడ్‌లో సిస్టమంతా ర్యామ్‌లో ఉంటుంది. ఎల్‌బీయూ కమిట్ మామూలుగా సెట్టింగులుండే ఈటీసీ డైరెక్టరీలో జరిగిన మార్పులనే మూటగట్టి మెమరీ కార్డు మీద రాస్తుంది. రూట్ హోమ్ దాని లెక్కలోకి రాదు. రీబూట్ అయ్యాక పాస్‌వర్డ్ ఆపిన సెట్టింగ్ పదిలంగా ఉంటుంది, కీ మాత్రం ఉండదు. మానిటర్, కీబోర్డ్ లేని ఆ పెట్టెలోకి ఇక నెట్‌వర్క్ మీదుగా దారి లేదు. కార్డు తీసి వేరే కంప్యూటర్‌లో పెట్టి ఆ మూట విప్పి సరిచేసుకోవాల్సిందే.

రీబూట్‌కు ముందు ఇంకో టెర్మినల్ నుంచి లాగిన్ అయి చూసినా ఈ తప్పు దొరకదు. అప్పటిదాకా కీ ర్యామ్‌లో ఉంటుంది కనుక లాగిన్ చక్కగా అవుతుంది. అందుకే కమిట్‌కు ముందు ఎల్‌బీయూ ఇన్‌క్లూడ్‌తో రూట్ కింది డాట్ ఎస్‌ఎస్‌హెచ్ డైరెక్టరీని చేర్చమని రాయాలి. తర్వాత, భద్రపరచాల్సిన ఫైళ్ల జాబితా చూపే ఎల్‌బీయూ స్టేటస్ కొట్టించు. కీ ఉండే ఆథరైజ్డ్ కీస్ ఫైలు పేరు ఆ జాబితాలో కనిపిస్తేనే కమిట్ చేయమను.

ఇదే పేజీ సిస్ మోడ్‌లో, అంటే మామూలుగా డిస్క్ మీద ఇన్‌స్టాల్ చేసిన యంత్రంలో, కీ పోయే ఇబ్బంది తేదు. అక్కడ ఎల్‌బీయూ అవసరమే లేదు. మూడోది డేటా మోడ్. అందులో వార్ డైరెక్టరీ మాత్రమే డిస్క్ మీద ఉంటుంది, మిగతాదంతా ర్యామే. కాబట్టి ప్రతి పేజీ మొదటి వాక్యం ఇది ఏ మోడ్‌కో చెప్పాలి. చదివేవాడికి తన మోడ్ తెలియకపోవచ్చు. డీఎఫ్ కమాండ్‌తో రూట్ ఫైల్‌సిస్టమ్ (అన్ని డైరెక్టరీలకూ మూలమైన '/') దేనిమీద ఉందో చూడమను. టీఎంపీఎఫ్‌ఎస్ (అంటే ర్యామ్) అని వస్తే డిస్క్‌లెస్ లేదా డేటా. ఎస్‌డీఏ3 లాంటి డిస్క్ విభాగం పేరు వస్తే సిస్. ఈ రెండు లైన్లు రాయని పేజీని నేను సగం పేజీ కిందే లెక్కేస్తాను.

నీ విషయసూచికలో లోపం కూడా ఇదే. నెట్‌వర్క్, డెస్క్‌టాప్, సర్వర్ అని పేర్చుకుంటూ పోయావు. ముందు మోడ్, దాని కింద పని. అప్పుడే ఏ పేజీలో ఏ అడుగు తప్పిపోయిందో రాసేవాళ్లకు కనబడుతుంది.

రెండోది వెర్షన్. ఆల్పైన్ స్థిరమైన విడుదలలు దాదాపు మే, నవంబర్ నెలల్లో వస్తాయి. ప్యాకేజీలుండే మెయిన్ రిపాజిటరీకి సుమారు 2 ఏళ్ల మద్దతు ఉంటుంది, కమ్యూనిటీ రిపాజిటరీకి తర్వాతి విడుదల దాకానే. అందుకని పేజీ పైన ఏ వెర్షన్‌లో, ఏ తేదీన పరీక్షించారో ఉండాలి. కొత్త విడుదల రాగానే అన్ని పేజీలూ తిరగేయడం ఎవరివల్లా కాదు. ఇన్‌స్టాలేషన్, నెట్‌వర్క్, ప్యాకేజీలు, అప్‌గ్రేడ్ పేజీలు ముందు చూడండి. రెండు విడుదలలపాటు ఎవరూ పరీక్షించని పేజీకి పాతదని పైనే ముద్ర వేయండి. ఒకే విషయం మీద రెండు పేజీలుంటే మంచిదాన్ని ఉంచి రెండోదాన్ని దానికి మళ్లించండి. తీసేయొద్దు, దానికి బయటినుంచి లింకులుంటాయి.

పరీక్షకు వేరే కంప్యూటర్ అక్కర్లేదు. కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే క్యూఈఎంయూలో 512 ఎంబీ ర్యామ్ ఇచ్చి ఆల్పైన్ వర్చువల్ ఐఎస్‌ఓ ఇమేజ్ బూట్ చెయ్యి. ఐఎస్‌ఓ మీద రాయడం కుదరదు కనుక ఎల్‌బీయూ మూట కోసం చిన్న రెండో డిస్క్ తగిలించు. నీ పేజీలోంచి కాపీ చేసినవే కొట్టు, గుర్తున్నది చేత్తో కొట్టకు. చివర రీబూట్ తప్పనిసరి.

ఉబుంటు పేజీలోంచి ఎత్తిన, సర్వీసులు నడిపే సిస్టమ్‌సీటీఎల్ లైను ఒకటి నీ పేజీలో మిగిలిపోయింది. ఇక్కడ సర్వీసులు నడిపేది ఓపెన్‌ఆర్‌సీ, ఆర్‌సీ సర్వీస్ అని రాయాలి. చాలా లినక్స్‌లలో ఉండే గ్లిబ్‌సీ లైబ్రరీ కోసం కట్టిన ప్రోగ్రామ్‌ను ఇక్కడ నడిపితే ఫైలు కళ్లముందే ఉన్నా 'నాట్ ఫౌండ్' అంటుంది. ఇక్కడున్నది మజిల్ (musl) లైబ్రరీ, ఆ ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టించే లోడర్ లేదు. బ్యాష్ షెల్ లేనిచోట బ్యాష్ స్క్రిప్టుకూ అదే మాట వస్తుంది. అలాంటి ఎర్రర్‌ను అక్షరం పొల్లుపోకుండా పేజీలో పెట్టు, జనం వెతికేది ఆ వాక్యంతోనే. పేజీ శుభ్రంగా కనిపించాలని ఎర్రర్లన్నీ కొట్టేసే ఎడిటర్లు నాకు తగిలారు. వాళ్లను ఇప్పటికీ క్షమించలేను. ఇప్పుడేమో అన్నిటికీ స్క్రీన్‌షాట్లే. అందులోంచి కమాండ్ కాపీ చేయలేరు, వెతికితే దొరకదు.

డాక్యుమెంటేషన్‌ను వికీలో పెట్టాలా, గిట్‌లో పెట్టాలా అని అడిగావు. ఆ సంగతి తర్వాత చూద్దాం. విషయసూచిక పక్కన పెట్టి, ఎస్‌ఎస్‌హెచ్ పేజీని మూడు మోడ్‌లలోనూ రీబూట్ దాకా నడిపి, డిస్క్‌లెస్, డేటా మోడ్‌లలో ఎల్‌బీయూ స్టేటస్ ఏం చూపించిందో యథాతథంగా జతచేసి పంపు.

ఉంటాను.