బెంగళూరులో రోజూ మధ్యాహ్నం 12కి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడా?

రాడు, బెంగళూరులో ఏడాదికి రెండుసార్లే, ఏప్రిల్ 24-25 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో ఇంకోసారి వస్తాడు, అదీ గడియారంలో 12 దాటాకే.

భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉంది. అందుకే మధ్యాహ్న సూర్యుడు నడినెత్తిన ఉండే చోటు ఏడాదిలో కర్కటరేఖ నుంచి మకరరేఖ దాకా వెళ్లి తిరిగొస్తుంది. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరుంది కాబట్టి ఆ చోటు పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ఈ ఊరిని దాటుతుంది. దాదాపు అదే అక్షాంశంలో ఉన్న చెన్నైకీ ఇవే తేదీలు. కర్కటరేఖకు పైనున్న ఢిల్లీలో ఇది ఎన్నడూ జరగదు.

ఇక టైము సంగతి. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. బెంగళూరు దానికి సుమారు 5 డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడు ఆలస్యంగా వస్తాడు. ఆ లెక్కన 12:20 కావాలి, కానీ తేదీని బట్టి ఇది కొన్ని నిమిషాలు అటూఇటూ అవుతుంది; ఏప్రిల్‌ చివర్లో అసలు మిట్టమధ్యాహ్నం దాదాపు 12:17కి. ఆ రోజు మీటరు కడ్డీని మేడ మీద నిలబెట్టి సరిగ్గా 12కి చూస్తే 7 సెంటీమీటర్ల నీడ కనిపిస్తుంది, 12:17కి దాదాపు మాయమవుతుంది. కడ్డీ ఒక్క డిగ్రీ ఒరిగినా 1.7 సెంటీమీటర్ల నీడ మిగులుతుంది, కాబట్టి దారానికి బరువు కట్టి వేలాడదీసి నిలువు సరిచూసుకోవాలి.

చాలామంది పొరపడేది ఇక్కడే: ఆ రోజు సూర్యుడు భూమికి దగ్గరగా వస్తాడనుకుంటారు. దూరానికీ దీనికీ సంబంధం లేదు. భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో.