అందరి పనీ నా నెత్తినే... ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. ఆరేళ్లుగా ఒకే కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. ఎవరు ఏ పని చెప్పినా కాదనలేను. సెలవు పెట్టినవాళ్ల పని కూడా నాకే వస్తుంది. ‘నువ్వైతేనే సరిగ్గా చేస్తావు’ అంటారు మా మేనేజర్. జీతాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా తర్వాత చేరినవాళ్లకే ఎక్కువ పెంచారు. అడుగుదామని ఆయన క్యాబిన్ దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తున్నాను. ఆ కోపం ఇంట్లో పిల్లల మీద చూపిస్తున్నాను. మానేస్తే ప్రశాంతంగా ఉంటుందేమో!
- ఓ సోదరి

సలహా: మానేసే సంగతి కాసేపు పక్కన పెట్టండి. మీవి రెండు సమస్యలు. పనిభారం ఒకటి, జీతం రెండోది. ఆవేశం వచ్చిన రోజున రెండూ కలిపి అడిగేస్తే ఆయనకు అది ఫిర్యాదులాగే వినిపిస్తుంది. విడివిడిగా తేల్చుకోండి.

ముందు పని సంగతి. పై అధికారికి ‘చేయను’ అని చెప్పడం ఎవరికైనా కష్టమే. నిజానికి ఆ మాటే అవసరం లేదు. ‘తప్పకుండా చేస్తాను సార్. ఇప్పుడు నా చేతిలో నెలాఖరు లెక్కలున్నాయి. రెండూ రేపటికి కావు. ఏది ముందు చేయమంటారు?’ అనండి. ఏది ఆగాలో తేల్చడం ఆయన పని. ఇన్నాళ్లూ రాత్రిళ్లు కూర్చుని ఆ భారాన్ని మీరే మోశారు కాబట్టి, అక్కడ ఇబ్బంది ఉందని ఆయనకు తెలియనే తెలియదు. ‘రెండూ కావాలి’ అంటే కంగారుపడకండి. అదే మాట అంతే నెమ్మదిగా మళ్లీ చెప్పండి. ‘పిల్లలకు బాగోలేదు’ లాంటి సంజాయిషీలు జోడించొద్దు. కారణాలు పెరిగేకొద్దీ ఎదుటివారు వాటికి పరిష్కారాలు చూపిస్తారు, మీరు మళ్లీ సరే అంటారు!

ధైర్యం వచ్చాక మాట్లాడదామనుకుంటే ఆ రోజు రాకపోవచ్చు. 1950ల్లో జోసెఫ్ వోల్పే అనే మానసిక వైద్యుడు, మనసులో మాట సూటిగా చెప్పడాన్ని ఆందోళన తగ్గించే చికిత్సలో భాగం చేశారు. అలా చెప్పడం అలవాటయ్యేకొద్దీ భయం పట్టు సడలుతుందని ఆయన ఆలోచన. అలాగని మొదటిరోజే మేనేజర్‌తో మొదలుపెట్టాలనేం లేదు. తన ఫైలు మీ టేబుల్ మీద పెట్టి వెళ్లే సహోద్యోగి ఉంటారు కదా, ఆమెతో ‘ఈ రోజు నాకు కుదరదు’ అనండి. ముఖం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి.

ఇక జీతం. ‘వాళ్లకు పెంచారు, నాకెందుకు పెంచలేదు’ అని అడగొద్దు. ఆ దారిలో వెళితే చర్చ వాళ్ల పనితీరు మీదికి మళ్లుతుంది. ఈ ఏడాది మీరు అదనంగా చేసినవి, పట్టుకున్న పొరపాట్లు, మీవల్ల గడువులోగా పూర్తయిన పనులు ఒక కాగితం మీద రాసుకోండి. ఇదే పనికి బయట ఎంత ఇస్తున్నారో తెలుసుకోండి. ‘ఒక అరగంట సమయం కావాలి’ అని ముందే అడిగి వెళ్లండి. మీకు కావలసిన అంకె స్పష్టంగా చెప్పి, ఆగిపోండి. అక్కడే చాలామంది తడబడతారు. ఎదుటివారు ఒక్క నిమిషం మౌనంగా ఉంటే చాలు, ‘అంత కాకపోయినా ఫర్వాలేదు సార్’ అని తమంతట తామే తగ్గించేసుకుంటారు. ఆ మౌనాన్ని ఆయనకే వదిలేయండి.

‘ఇప్పుడు బడ్జెట్ లేదు’ అంటే, ఎప్పుడు కుదురుతుందో, ఈలోగా మీ నుంచి ఏం ఆశిస్తున్నారో అడగండి. ఆ సాయంత్రమే మాట్లాడుకున్నదంతా మర్యాదగా మెయిల్‌లో పెట్టండి.

ఇక మానేయడం. ఆయన్ని కలిసేలోపే ఒకటి రెండు చోట్ల దరఖాస్తు చేసి ఉంచండి. చేతిలో ఇంకో దారి ఉన్నవారి గొంతు వేరుగా ఉంటుంది. అయితే ఆ సంగతి ఆయన దగ్గర బెదిరింపుగా మాత్రం వాడొద్దు. ఇచ్చిన గడువు దాటినా ఏమీ మారకపోతే, కొత్త ఆఫర్ చేతికి వచ్చాకే రాజీనామా ఇవ్వండి.