విండోస్ 7కు మద్దతు ఎప్పుడు ఆపేయాలి?

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారిలో విండోస్ 7 వాళ్లు 5 శాతం కూడా లేరు, ఇక ఆపేయవచ్చా అని అడిగారు. ముందు ఆ శాతాన్ని పక్కన పెట్టండి. మీ లెక్కకు అందేది నెట్ ఉన్న కంప్యూటర్లే. నెట్ లేని కొట్లో ఓ మూలన రోజంతా బిల్లులు కొట్టే కంప్యూటరు అందులో ఉండదు.

నేను ఎరువులు, విత్తనాల దుకాణాలకు బిల్లింగ్ ప్రోగ్రాం రాసే చిన్న సంస్థలో చాలాకాలం పనిచేశాను. కొత్త వర్షన్‌కు విండోస్ 10 తప్పనిసరి అనగానే నరసరావుపేట వైపు నుంచి ఒక దుకాణదారు ఫోనులో విరుచుకుపడ్డారు. వెళ్లాను. కౌంటరు ముందు పత్తి విత్తనాలకు వచ్చిన రైతులు, బల్ల మీద పాత కంప్యూటరు, దాని వెనక నుంచి లావుపాటి కేబుల్‌తో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు.

"కొత్తది కొనలేకనా బాబూ? మా అబ్బాయికి మొన్ననే ల్యాప్‌టాప్ కొన్నాను. దానికి ఈ ప్రింటరు ఎక్కడ తగిలించమంటారు?" అన్నారు.

కార్బన్ పెట్టి మూడు ప్రతులు ఒకేసారి పడాలి. రైతుకు ఒకటి, దుకాణానికి ఒకటి, ఆడిటరుకు ఒకటి. లేజర్ ప్రింటరుతో కార్బన్ ప్రతి రాదు. ఆయన యూఎస్‌బీ కేబుల్ కూడా తెప్పించారు. కానీ నేను చేరకముందు ఎవరో రాసిన కోడు బిల్లును నేరుగా ఎల్‌పీటీ1 అనే పాతకాలపు ప్రింటరు పోర్టుకే పంపేది, ఆ కేబుల్‌తో ఎల్‌పీటీ1 రాదు. బిల్లును విండోస్ ప్రింటర్ డ్రైవర్ ద్వారా పంపేలా మార్చాం. ఆ తర్వాత పాత కంప్యూటరును ఆయనే తీసేశారు. 16 జీబీ ల్యాప్‌టాపుల ముందు కూర్చుని "ఇంకా విండోస్ 7 ఎవరు వాడతారు" అని నవ్వేవాళ్లను ఒక్క సీజను ఆ కౌంటరు వెనక కూర్చోబెట్టాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

ఇక గడువు సంగతి. దాన్ని పెట్టేది మీరు కాదు, మీరు వాడే లైబ్రరీలు, అంటే మీ ప్రోగ్రాం ఆధారపడే, ఇతరులు రాసిన కోడూ, భాషలూ. మైక్రోసాఫ్ట్ విండోస్ 7ను 2020 జనవరి 14న వదిలేసింది. పైథాన్ భాష 3.9 వర్షన్ దాని మీద ఇన్‌స్టాలే కాదు. దాని మీద క్రోమ్ బ్రౌజరు 109వ వర్షన్‌తో ఆగిపోయింది, డెస్క్‌టాప్ ప్రోగ్రాంలు రాయడానికి వాడే ఎలక్ట్రాన్ 22తో, గో భాష 1.20తో. వీటిలో మీరు ఆధారపడినదానికి భద్రతా సవరణలు ఆగిన రోజే మీ గడువు. ఆ తర్వాత కూడా పాతదాన్నే పట్టుకుంటే, ఆ కొద్దిమంది కోసం విండోస్ 11 వాడేవారిని కూడా సవరణలు లేని లైబ్రరీ మీద నడిపించినట్టే.

ఆపేటప్పుడు జూన్‌లో మాత్రం ఆపకండి, విత్తనాల సీజను. నోటీసు తెలుగులో పెట్టండి. ఇంగ్లీషు పెట్టె తెరమీద కనబడగానే చదవకుండా మూసేస్తారు. చివరి వర్షన్‌ను డౌన్‌లోడ్‌కు ఉంచండి. పన్ను రేట్లు కోడులో కాకుండా సెట్టింగుల పట్టికలో ఉంచితే, 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినట్టు మళ్లీ మారినా పాత వర్షన్ వాళ్లు తామే దిద్దుకుంటారు, మీకు ఫోను రాదు.