ఓక్ పని మొదలుపెడుతున్న కొడుకుకు

హన్మకొండ

బిడ్డా,

మొన్న మీ బాపు ఫోన్ చేసి, నువ్వు హైదరాబాద్ ఉద్యోగం మానేశావని, మడికొండ దగ్గర షెడ్డు కిరాయికి తీసుకుని ఓక్‌తో డైనింగ్ టేబుళ్లు చేస్తావని చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఉలి పట్టేవాళ్లు నాతోనే అయిపోయారనుకున్నాను కదా, ఆ సంతోషం ఒకపక్క. ఇంత టేకు పండే చోట సముద్రం అవతలి చెక్క ఏమిటన్న గుబులు ఇంకోపక్క. ఫోన్లో అయితే అరుస్తానని మీ పెద్దమ్మ ఈ కాగితం చేతికిచ్చింది. "వాణ్ణి భయపెట్టకుండ్రి" అని కూడా అన్నది. చూద్దాం.

ఓక్ నాకు కొత్త కాదు. 1986లో దుబాయ్ పోయినప్పుడు నేను పని చేసిన ఫర్నిచర్ వర్క్‌షాప్‌లో సగం సరుకు అదే. పుస్తకాల్లో సింధూర వృక్షం అని రాస్తారు గానీ, ఆ పేరు చెప్పి అడిగితే ఏ టింబర్ డిపోలోనూ ఎవరూ గుర్తుపట్టరు. టేకు ఘనమీటరు ఆరున్నర వందల కిలోలు తూగితే వైట్ ఓక్ ఏడున్నర వందలు తూగుతుంది. చిత్రిక గట్టిగా పట్టాలి. అయితే టేకులో ఉండే సిలికా, అంటే ఇసుకలాంటి పదార్థం, దీంట్లో లేదు కాబట్టి ఉలి పదును అంత తొందరగా పోదు. దుంగను బెరడు నుంచి నడిమికి కోస్తే పలక మీద చేప పొట్టలా మెరిసే మచ్చలు వస్తాయి. ఆ మెరుపు చూసే గిరాకీ డబ్బులిస్తాడు. అట్లా కోసిన పలకలను టేబుల్ పైకి వాడు, కింద కాళ్లకు దండగ చేయకు.

వైట్ ఓక్ అని చెప్పి రెడ్ ఓక్ అంటగడతారు, జాగ్రత్త. మా మలయాళీ ఫోర్‌మన్ నేర్పిన పద్ధతి చెబుతాను. జానెడు ముక్క, నార వెంట నిలువుగా కోసింది తీసుకో. ఒక కొన సబ్బునీళ్లలో ముంచి, రెండో కొన నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదు. బుడగలు వస్తే అది రెడ్ ఓక్. దాని చెక్క లోపలి సన్న గొట్టాలు ఖాళీగా ఉంటాయి, వైట్ ఓక్ నడి చెక్కలో అవి పూడుకుపోయి ఉంటాయి. అందుకే విస్కీ పీపాలు వైట్ ఓక్‌తో చేస్తారు, రెడ్ ఓక్‌తో చేస్తే కారిపోతుంది. లోడ్ దిగిన రోజు లారీ డ్రైవర్ ముందు చెక్క ముక్కలు ఊదుతూ కూర్చుంటే నవ్వుతారు. నవ్వనీ.

ఇక నాకు నిద్ర పట్టని సంగతి.

1988లో ఒక విల్లాకు పన్నెండు అడుగుల టేబుల్ చేస్తున్నాం. పలకలు అంటించే పని నాకిచ్చారు. తెల్ల జిగురు రాసి, పలకలను నొక్కిపట్టే ఇనుప క్లాంపులు ఆరు బిగించి, బయటికి కారిన జిగురు తడిగుడ్డతో తుడిచి పోయి పడుకున్నాను. తెల్లారి విప్పి చూస్తే ప్రతి క్లాంపు కిందా నల్లటి గీత. ఆరు చోట్ల, సిరాలో పుల్ల ముంచి గీసినట్టు. తుడిస్తే పోలేదు. చిత్రిక పట్టినకొద్దీ లోపల ఇంకా నలుపే.

నాకు తెలియని సంగతేం కాదది. మా నాయినమ్మ కరక్కాయ నీళ్లలో అన్నభేది, అంటే ఇనుముతో అయ్యే ఉప్పు, కలిపి నల్లరంగు చేస్తుంటే పక్కన కూర్చుని కలిపినవాణ్ణే. కరక్కాయలో, మన తోలు పదునుకు వాడే తంగేడు చెక్కలో, ఓక్‌లో ఉన్న వగరు ఒకే జాతిది, టానిన్ అంటారు. దానికి ఇనుము, తడి కలిస్తే నలుపు పుడుతుంది. యూరప్‌వాళ్లు వందల ఏళ్లు ఓక్ కొమ్మల మీది బుడిపెలతోనే సిరా చేసుకున్నారు. ఇంట్లో చూసింది అక్కడ గుర్తుకు రాలేదు, అంతే.

అప్పుడే ఫోర్‌మన్‌కు చెప్పి ఉంటే ఆగ్జాలిక్ యాసిడ్ కలిపిన నీళ్లతో తీసేసేవాడు. ఆ మందు పేరు నాకు తర్వాత ఆయనే చెప్పాడు. నేను చెప్పలేదు. భయపడి, ముదురు రంగు పాలిష్ కొట్టి దాచాను. రెండు వారాలకు టేబుల్ వెనక్కి వచ్చింది. రెండు నెలల జీతం కోశారు.

ఆ డబ్బు మీ బాపు పాలిటెక్నిక్ ఫీజుకు పంపాల్సింది. ఆ ఏడాది వాడు చేరలేదు. మండిబజార్‌లో ఒక దుకాణంలో లెక్కలు రాశాడు. "ఏం గాదు అన్నా, వచ్చే ఏడు చూద్దాం" అని ఉత్తరం రాశాడు. ఈ రోజుకీ ఆ మాట ఎత్తలేదు. నువ్వూ ఎత్తకు.

అందుకని ఓక్ దగ్గరికి ఇనుప మేకు, ఇనుప స్క్రూ, స్టీల్ ఊలు రానీయకు. ఇత్తడి గానీ స్టెయిన్‌లెస్ గానీ వాడు. ఇత్తడి స్క్రూలని అమ్మేవాటిలో కొన్నింటికి పైపూత మాత్రమే ఇత్తడి ఉంటుంది, జేబులో అయస్కాంతం పెట్టుకుని పోయి అంటించి చూడు. పనివాళ్లలో ఎవరి చేతిలోనైనా పలక పాడైతే అరవకు. అరిచే మేస్త్రీ దగ్గర పనివాడు నాలాగే దాస్తాడు.

తేమ సంగతి. పచ్చి చెక్క పూర్తిగా ఎండేసరికి వెడల్పులో టేకు అయిదారు శాతం ముడుచుకుంటే వైట్ ఓక్ పది శాతం దాకా ముడుచుకుంటుంది. మన దగ్గర మే నెలలో గాలి పొడిపొడిగా ఉండి జులై రాగానే తలుపులు బిగుసుకుంటాయి. ఆ ఉబ్బుడు, ముడుచుడు ఓక్‌లో ఎక్కువ. పలకను ఫ్రేము గాడిలో జిగురు లేకుండా వదులు, టేబుల్ పైచెక్కకు స్క్రూ బెజ్జాలు అడ్డంగా సాగదీసి పెట్టు. పారిస్‌లో 2019లో కాలిపోయిన నోత్రదామ్ చర్చి కప్పును పచ్చి ఓక్ దుంగలతోనే మళ్లీ కట్టారు, గొడ్డళ్లతో చెక్కుతుంటే టీవీలో చూసి నాకు చేతులు దురద పెట్టాయి. అంత లావు దూలాలకు చెల్లుతుంది. నీ టేబుల్‌కు చెల్లదు. వచ్చిన సరుకును మధ్యలో సన్న బద్దలు పెట్టి పేర్చి, కొన్ని వారాలు షెడ్డు గాలికి అలవాటు పడనీ.

చెదలు దీన్ని టేకులా వదిలిపెట్టవు. ద్వారబంధాలకు ఓక్ అడిగితే వద్దని చెప్పు. మాస్కు లేకుండా రంపం దగ్గరికి పోవద్దు. ఏళ్ల తరబడి పీలిస్తే ఈ దుమ్ము ముక్కులో కేన్సర్ తెస్తుంది. అప్పు ఎంత చేశావో నేనడగను, మీ పెద్దమ్మ అడుగుతుంది.

సరుకు దిగిన రోజు ఫోన్ చెయ్యి, బస్సులో వచ్చేస్తాను. నేను వచ్చేదాకా క్లాంపు బిగించకు. క్లాంపుకూ చెక్కకూ నడుమ ప్లాస్టిక్ ముక్క పెట్టాలి, జిగురు అంటదు, ఇనుము తగలదు. మొన్నటి నుంచి ఖాళీ పాల ప్యాకెట్లు కోసి, కడిగి దండెం మీద ఆరేస్తున్నాను. పక్కింటివాళ్లు అడిగితే మీ పెద్దమ్మ ఏం చెప్పాలో తెలియక నవ్వుతున్నది.

మీ పెద్దబాపు