చర్చి ఫన్ రన్‌కి మనం వెళ్ళొచ్చా?

ఇంగ్లాండ్ వచ్చి ఆరు నెలలు కూడా అయి ఉండదు, స్కూల్ గేటు దగ్గర ఎవరో చేతిలో ఒక కాగితం పెడతారు. చర్చివాళ్ళ ఫన్ రన్, అంటే సరదా పరుగు, 5 కిలోమీటర్లు, ఫుడ్ బ్యాంక్ (ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళకి ఉచితంగా తిండి సరుకులు ఇచ్చే చోటు) కోసం. అన్నా, మేం హిందువులం కదా, వెళ్తే బాగుంటుందా, ఎంత ఇవ్వాలి, అని కొత్తగా వచ్చినవాళ్ళు ప్రతి సెప్టెంబర్‌లో నన్ను అడుగుతుంటారు. వెళ్ళండి. డబ్బు పంపేసి ఊరుకోకుండా పిల్లల్ని తీసుకుని వెళ్ళండి. మొదట్లో చిన్న ప్రార్థన చేస్తే చేస్తారు, మౌనంగా నిలబడితే చాలు, మీ మతం ఎవరూ అడగరు.

పరిగెత్తాలని టెన్షన్ పడకండి. సగం మంది నడుస్తారు, పిల్లల బండ్లు తోసుకుంటూ, కుక్కల్ని పట్టుకుని వస్తారు. మేం వచ్చిన మొదటి ఏడాది మా వీధిలో ఒక్కరి పేరు కూడా తెలియదు. ఆ రోజు పార్కు చుట్టూ నడిచి, చర్చి హాల్లో టీ తాగుతుంటే రెండిళ్ళ అవతలి పెద్దావిడ పలకరించింది. ఆ జనవరిలో మా బాయిలర్ ఆగిపోతే హీటర్ తెచ్చి ఇచ్చింది ఆవిడే. అందుకే వెళ్ళమని ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక డబ్బు సంగతి. ఎంట్రీ ఫీజు వేరు, విరాళం వేరు. స్పాన్సర్ ఫారం ఇస్తారు, మీరు పరిగెత్తితే ఇంత ఇస్తామని తెలిసినవాళ్ళు రాసే కాగితం అది, ఆఫీసులో నలుగురిని అడగండి, ఇక్కడ అలా అడగడం తప్పు కాదు, 5 పౌండ్లు రాసినా ఎవరూ చిన్నచూపు చూడరు. ఆ ఫారంలో గిఫ్ట్ ఎయిడ్ అని ఒక గడి ఉంటుంది, దాని దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. మీరు 20 పౌండ్లు ఇచ్చి ఆ గడిలో టిక్ పెడితే విరాళం అందుకునే సంస్థ ప్రభుత్వం నుంచి ఇంకో 5 పౌండ్లు తీసుకుంటుంది. అది మీరు కట్టిన పన్నులోంచి వచ్చేదే. కాబట్టి ఆ ఏడాది, అంటే ఏప్రిల్ 6 నుంచి తర్వాతి ఏప్రిల్ 5 దాకా, మీరు కనీసం అంత పన్ను కట్టి ఉండాలి. లేకపోతే ఆ తేడా మీరే కట్టాల్సి వస్తుంది. డిపెండెంట్ వీసా మీద వచ్చి ఇంకా ఉద్యోగం దొరకనివాళ్ళు, పార్ట్ టైం చేసుకుంటూ ఏడాదికి 12,570 పౌండ్ల లోపు సంపాదించే విద్యార్థులు సాధారణంగా పన్నే కట్టరు, వాళ్ళు టిక్ పెట్టకూడదు. ఇండియాలో ఉన్న నాన్నగారు స్పాన్సర్ చేస్తే ఆయనకీ అంతే. మా ఆవిడ ఆ మొదటి ఏడాది తెలియక టిక్ పెట్టేసింది, చర్చి వాలంటీర్ ఒకాయన చూసి ఓపిగ్గా వివరించి కొట్టేయించాడు. టిక్ పెట్టేవాళ్ళు పూర్తి పేరు, ఇంటి అడ్రస్, పోస్ట్‌కోడ్ రాయాలి, ఆఫీస్ అడ్రస్ పనికిరాదు. రాఫిల్ (లాటరీ లాంటిది) టికెట్లకి, కేకులు కొన్నదానికి గిఫ్ట్ ఎయిడ్ ఉండదు.

డబ్బు ఎక్కడికి పోతుందో అడగడానికి మొహమాటపడకండి. చారిటీలని నమోదు చేసే ప్రభుత్వ సంస్థ చారిటీ కమిషన్ రిజిస్టర్‌లో పేరు కొట్టి చూడొచ్చు. చిన్న చర్చిలు అందులో కనబడకపోయినా కంగారు పడక్కర్లేదు, ఆదాయం తక్కువున్న చాలా చర్చిలకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

చాలా చోట్ల అదే రోజుల్లో హార్వెస్ట్ ఫెస్టివల్ కూడా ఉంటుంది, మన ఊరి చర్చిల్లో కోత పండుగకి ధాన్యం, గుమ్మడికాయలు తెచ్చి పెడతారే, అలాంటిదే. ఇక్కడ ఎక్కువగా టిన్నులు, ప్యాకెట్లు తెస్తారు, అవి ఫుడ్ బ్యాంక్‌కి వెళ్తాయి. ట్రస్సెల్ అనే చారిటీ వాళ్ళు 2000లో సాల్స్‌బరీలో తమ మొదటి ఫుడ్ బ్యాంక్ పెట్టారు, ఇప్పుడు దేశమంతా ఉన్నాయి, చాలా చోట్ల చర్చి హాళ్ళలోనే నడుస్తాయి. ప్రేమతో పులిహోర, పచ్చడి చేసి తీసుకెళ్ళకండి, ఇంట్లో వండినవి వాళ్ళు పంచలేరు. తేదీ దాటనివి, సీల్ తీయనివి ఇవ్వండి. బీన్స్, టమాటా టిన్నులు, పాస్తా, బియ్యం, టీ పొడి, ఫ్రిజ్ అక్కర్లేని పాలు. ఏం కావాలో ముందే ఒక లిస్ట్ పెడతారు, దాన్ని చూసి కొనండి. మేం నెల ముందు నుంచీ సామాన్లకి వెళ్ళినప్పుడల్లా రెండు టిన్నులు ఎక్కువ తెచ్చి తలుపు పక్కన సంచిలో వేస్తాం, రన్ రోజు పొద్దున ఆ సంచి మోసే పని పిల్లలదే.