ఐరన్ మాత్రలు వాడుతున్నా హిమోగ్లోబిన్ పెరగడం లేదెందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36. నీరసంగా ఉంటోందని పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4, ఫెరిటిన్ 8 ఉన్నాయి. మూడు నెలలుగా రోజూ పొద్దున అల్పాహారం, టీ కాగానే ఐరన్, క్యాల్షియం, మల్టీమినరల్ మాత్రలు మూడూ ఒకేసారి వేసుకుంటున్నాను. మొన్న చూస్తే హిమోగ్లోబిన్ 9.8 మాత్రమే ఉంది. రాత్రిళ్లు పిక్కలు కూడా పట్టేస్తున్నాయి. ఐరన్ డోసు పెంచాలా? మెగ్నీషియం మొదలుపెట్టమంటారా?

జవాబు: డోసు పెంచకండి. ముందు మాత్రలు వేసుకునే వేళలు మార్చండి. ఫెరిటిన్ 8 ఉందంటే ఒంట్లో ఇనుము నిల్వలు దాదాపు అడుగంటినట్టే. అలాంటి స్థితిలో పేగులు దొరికిన ఇనుమును వీలైనంత ఎక్కువగా తీసుకోవాలని చూస్తాయి. అయినా మూడు నెలల్లో పెరిగింది 0.4 మాత్రమే. మీరు రాసినదాన్ని బట్టి, వేసుకున్న ఐరన్‌లో చాలా భాగం రక్తంలోకి చేరడం లేదనే అనుమానించాలి.

టీలోని పాలీఫెనాల్స్ ఇనుముతో కలిసి, పేగులు పీల్చుకోలేని పదార్థంగా మారతాయి. కాఫీతోనూ ఇదే సమస్య. క్యాల్షియం కూడా 300 మిల్లీగ్రాములు దాటి ఒకేసారి పడితే ఇనుము శోషణను తగ్గిస్తుంది. మల్టీమినరల్‌లోని జింక్ కూడా ఇనుముతో పోటీ పడగలదు. వీటికితోడు కడుపులో ఆహారం ఉంది. ధాన్యాలు, పప్పుల్లోని ఫైటేట్లు ఇనుమును పట్టేసుకుంటాయి. ఏ ఖనిజం ఎంత వేసుకున్నామన్నది ఎంత ముఖ్యమో, దేనితో కలిపి వేసుకున్నామన్నదీ అంతే ముఖ్యం.

ఇకపై ఐరన్ మాత్రను పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకోండి. విటమిన్ సి ఎక్కువగా ఉండే పుల్లటి పండు దాంతోపాటు తినవచ్చు. మాత్రకూ అల్పాహారానికీ మధ్య గంట విరామం ఇవ్వండి. టీ ఆ తర్వాత కనీసం మరో గంటకు తాగండి. పరగడుపున వికారంగా అనిపిస్తే కొద్దిగా ఏదైనా తిని వేసుకోండి. కొంత శోషణ తగ్గినా, మాత్ర మానేయడం కంటే అదే నయం. అయితే ఆ కొద్దిపాటి ఆహారంలో పాలు, పెరుగు ఉండకూడదు.

రోజుకు రెండు, మూడు సార్లు ఐరన్ వేసుకుంటే త్వరగా పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఒక డోసు పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. పేగు కణాల్లోకి వచ్చిన ఇనుము రక్తంలోకి దాటకుండా అది సుమారు ఒక రోజు పాటు అడ్డుపడుతుంది. అందుకే అదే రోజు వేసుకున్న రెండో డోసులో తక్కువ భాగమే ఒంటికి పడుతుంది. మిగిలింది పేగుల్లోనే ఉండి కడుపునొప్పి, మలబద్ధకం తెచ్చిపెడుతుంది. రోజుకొక మాత్ర చాలు. అదీ పడకపోతే రోజు విడిచి రోజు వేసుకోవచ్చు.

మాత్ర అట్ట మీద ఎలిమెంటల్ ఐరన్ ఎంతో చూడండి. ఫెర్రస్ సల్ఫేట్ 325 మి.గ్రా. మాత్రలో అసలు ఇనుము 65 మి.గ్రా. మాత్రమే. క్యాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా.లో అసలు క్యాల్షియం 500 మి.గ్రా. ఈ తేడా తెలియకనే కొందరు అవసరానికి మించి, కొందరు సగమే వేసుకుంటుంటారు.

క్యాల్షియాన్ని మధ్యాహ్న భోజనంతో తీసుకోండి. కార్బొనేట్ రకం కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, అందుకే భోజనంతోనే మంచిది. సిట్రేట్ రకమైతే ఎప్పుడైనా పర్వాలేదు. ఒక్కసారి 500 మి.గ్రా. మించితే శోషణ శాతం తగ్గుతుంది. ఆహారంలోనే రోజుకు 1000 మి.గ్రా. అందుతుంటే ఈ మాత్ర అవసరమే ఉండదు. 250 మి.లీ. పాలలో దాదాపు 300 మి.గ్రా. ఉంటుంది. పాలకూరలో క్యాల్షియం బాగానే ఉన్నా, ఆక్సలేట్ల వల్ల అందులో సుమారు 5 శాతమే ఒంటబడుతుంది.

మల్టీమినరల్ ప్రస్తుతానికి ఆపేయండి. జింక్ లోపం ఉందని తేలితే తప్ప మీకు దాని అవసరం కనిపించడం లేదు. పెద్దలకు జింక్ రోజుకు 40 మి.గ్రా. గరిష్ఠ పరిమితి. అంతకు మించి నెలల తరబడి వాడితే రాగి లోపం వస్తుంది. రాగి తగ్గినా రక్తహీనత వస్తుంది, అది ఐరన్‌తో నయం కాదు. కాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలు కూడా రావచ్చు.

పిక్కల సంగతి. కండరం గట్టిగా బిగుసుకుని నొప్పి పెడుతోందా, లేక పడుకోగానే కాళ్లు కదపకుండా ఉండలేని చికాకు కలుగుతోందా గమనించండి. రెండోదైతే రెస్ట్‌లెస్ లెగ్స్ కావచ్చు. ఇనుము లోపంలో అది తరచుగా కనిపిస్తుంది, ఐరన్ నిల్వలు నిండేకొద్దీ తగ్గవచ్చు. మామూలు పట్టేయడానికి మెగ్నీషియం మాత్రలు పెద్దగా పనిచేయవని పరీక్షల్లో తేలింది. గింజలు, పప్పులు, ఆకుకూరలు, ముడి ధాన్యాల నుంచి మెగ్నీషియం అందుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ చెప్పకుండా మెగ్నీషియం మాత్రలు ముట్టుకోకూడదు.

పప్పులు, ధాన్యాలను నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల ఫైటేట్లు తగ్గుతాయి. మాంసాహారం తినేవారైతే భోజనంలో కొద్దిగా చేప, మాంసం ఉన్నా పప్పులు, కూరల్లోని ఇనుము మెరుగ్గా ఒంటబడుతుంది.

థైరాయిడ్ మాత్ర వాడుతుంటే దానికీ ఐరన్, క్యాల్షియాలకూ నాలుగు గంటల తేడా ఉండాలి. ఎసిడిటీ మాత్రలు రోజూ వాడుతున్నా ఇనుము శోషణ తగ్గుతుంది, ఆ సంగతి మీ డాక్టర్‌కు చెప్పండి.

ఇలా నాలుగు వారాలు వాడి హిమోగ్లోబిన్ చూపించుకోండి. కనీసం 1 గ్రాము పెరగాలి. పెరగకపోతే ఇనుము ఎక్కడ పోతోందో వెతకాల్సిందే. నెలసరి ఏడు రోజులు దాటుతున్నా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, రక్తం గడ్డలుగా పడుతున్నా నాలుగు వారాలు ఆగకుండా ఇప్పుడే గైనకాలజిస్టును కలవండి. సీలియాక్ వ్యాధి (గోధుమల్లోని గ్లూటెన్ పడక పేగులు దెబ్బతినే జబ్బు), హెచ్ పైలోరీ (జీర్ణాశయంలో చేరే బ్యాక్టీరియా) ఇన్ఫెక్షన్ల పరీక్షలు కూడా అవసరం కావచ్చు. మాత్రలు అసలే పడనివారికి, పేగులు పీల్చుకోలేనివారికి నరం ద్వారా ఐరన్ ఎక్కిస్తారు.

హిమోగ్లోబిన్ 12 దాటిందని మాత్రలు ఆపేయకండి. నిల్వలు నిండడానికి మరో మూడు నెలలు వాడి, ఫెరిటిన్ చూపించుకున్నాకే ఆపాలి. ఐరన్ వాడేటప్పుడు మలం నల్లగా రావడం మామూలే. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే, కూర్చున్నా ఆయాసం లేదా ఛాతీనొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ మాత్రలను తాళం వేసి ఉంచండి. పిల్లలు మింగితే ప్రాణాపాయం. మొదట్లో వాంతులు తగ్గి బాగానే ఉన్నట్టు కనిపించినా సరే, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.