ఇంటి కారుకు ఆల్కహాల్ నాజిల్స్ పెడతానంటున్న మెకానికల్ పిల్లోడు: తాడిపత్రి తండ్రికి జవాబు

తాడిపత్రి నుంచి ఒకాయన రాసినారు, నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ ఉందంట, కొడుకు అనంతపురంలో మెకానికల్ మూడో సంవత్సరం. ఆయన బాధ ఇదీ: "మావాడు ఇంట్లో ఉండే టర్బో పెట్రోల్ కారు మానిఫోల్డ్‌కు (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల గుత్తి) బొక్కలు పెట్టి ఆల్కహాల్ నాజిల్స్ బిగిస్తానంటాడు, పవర్ పెరుగుతాదంట. ఆల్కహాల్ అనేసరికి వాళ్ళమ్మ ఒకటే ఏడుపు. థర్మోడైనమిక్స్ ఇంకా బ్యాక్‌లాగ్ ఉంది. బెంగళూరులో ట్యూనింగ్ కోర్సుకు లక్ష కట్టమంటాడు. ఈ పిచ్చి మాన్పించి సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లో వేసేదా?"

అన్నా, ముందు కారు తాళాలు బీరువాలో పెట్టి బీగం వేసుకోండి. పిచ్చి మాత్రం మాన్పించొద్దు. ఎందుకంటే మీవాడు అడిగే ప్రశ్న చిన్నపిల్లల ప్రశ్న కాదు, ఆటోమొబైల్ కంపెనీల్లో జీతమిచ్చి మరీ చేయించుకునే పని అది, కాకపోతే వాడు దాన్ని తప్పు జాగాలో మొదలుపెడుతుండాడు.

విషయం మీకు కూడా కొంచెం తెలిస్తే వాడితో మాట్లాడేదానికి బాగుంటుంది. టర్బో పని గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తోయడం, ఒత్తితే గాలి కాగుతుంది. మన ఎండాకాలం 40 డిగ్రీల గాలిని రెట్టింపు ప్రెషర్‌కు తీసుకుపోతే టర్బో దాటేసరికి 135, 140 డిగ్రీల దాకా పోతుంది. టర్బో తర్వాత ఉండే ఇంటర్‌కూలర్ అనే రేడియేటర్ దాన్ని చాలావరకు చల్లబరుస్తుంది గానీ అనంతపురం మే నెలలో దానికి మాత్రం చల్లగాలి యాడనుంచి వస్తుంది. గాలి అట్లా వేడిగా ఉంటే సిలిండర్‌లో మంట ఇంకా అందకముందే మూలనుండే పెట్రోల్ మిశ్రమం తనంతట తానే పేలి టకటకమని కొడుతుంది, నాకింగ్ అంటారు, ముదిరితే పిస్టన్లే పోతాయి. అందుకని నీళ్ళు, మిథనాల్ (మీవాడు ఆల్కహాల్ అనేది దీన్నే, తాగేది కాదు) కలిపి సన్నటి తుంపరగా కొడతారు. కిలో పెట్రోల్ ఆవిరయ్యేదానికి దాదాపు 350 కిలోజౌళ్ళ వేడి తీసుకుంటే మిథనాల్ 1100, నీళ్ళు 2250 దాకా తీసుకుంటాయి, ఆ వేడంతా గాలి నుంచే లాగుతాయి కాబట్టి గాలి చల్లబడుతుంది. ఇదేం కొత్త సంగతి కాదు, రెండో ప్రపంచ యుద్ధంలో ఫైటర్ విమానాలకు వాడినారు, 1962లో వచ్చిన ఓల్డ్‌స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే అమెరికా కారు నీళ్ళు మిథనాల్ ట్యాంకుతోనే షోరూం నుంచి బయటికొచ్చింది, మొన్నమొన్న బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్‌లో బాష్ వాళ్ళు ఉత్త నీళ్ళతో చేసి చూపించినారు.

ఇంక అసలు కథ నాజిల్ యాడ పెట్టాలనేది. బాబూ, ఈ ముక్క నువ్వు కూడా చదువు. టర్బోకు ముందు పెడితే కలవడానికి కావల్సినంత టైం దొరుకుతుంది గానీ నిమిషానికి లక్ష చుట్లకు పైన తిరిగే కంప్రెసర్ రెక్కలకు నీటి చుక్కలు తగిలి అంచులు అరిగిపోతాయి. ఇంటర్‌కూలర్‌కు ముందు పెడితే సగం తుంపర దాని గోడలకే అంటుకొని అడుగున మడుగు కడుతుంది. అందుకే ఎక్కువమంది ఇంటర్‌కూలర్ దాటినాక, థ్రాటిల్ బాడీకి (మానిఫోల్డ్‌లోకి పోయే గాలిని తెరిచి మూసే తలుపు) ఒక జానెడు, జానెడున్నర ముందు ఒకే నాజిల్ పెట్టి ఊరుకుంటారు. గాలి ఉష్ణోగ్రత సెన్సర్ దగ్గర్లోనే ఉంటే దానిమీద తుంపర పడి అబద్ధం చెప్తుంది, అది కూడా చూసుకోవాల. థ్రాటిల్ దాటినాక మానిఫోల్డ్‌లోనే పెడితే ఇంకో తంటా, ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజన్ మాత్రం తిరిగేటప్పుడు) అక్కడ వాక్యూం ఉంటుంది కాబట్టి పంపు ఆగినా ట్యాంకులోది మెల్లగా పీల్చేసుకుంటుంది, దారి మూసే సొలెనాయిడ్ వాల్వో చెక్ వాల్వో లేకపోతే పొద్దున స్టార్ట్ చేసేసరికి సిలిండర్‌లో ద్రవం నిలిచి కనెక్టింగ్ రాడ్ వంగినా వంగుతుంది.

ఇంకా పెద్ద తిరకాసు సిలిండర్లకు తుంపర పంపకంలో ఉంది. ఇప్పటి టర్బో పెట్రోల్ ఇంజన్లలో చాలావాటికి పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే కొడతారు, అంటే ఆ మానిఫోల్డ్‌ను పొడి గాలి కోసమే డిజైన్ చేసింటారు. గాలి మలుపు తిరిగినంత సులభంగా చుక్క తిరగలేదు, బరువు కదా, నేరుగా పోయి ఎదురు గోడకు కొట్టుకుంటుంది. మన చేన్లో డ్రిప్ పైపుకు చివర మొక్క ఎండిపోతుంది చూడండి, ఇక్కడ దానికి రివర్స్, పక్కనుంచి గాలి దూరే మానిఫోల్డ్‌లో మొదటి సిలిండర్‌కు తక్కువ పడి చివరి సిలిండర్‌కు ఎక్కువ చేరడం మామూలే. పైగా మిథనాల్ ఉత్త కూలెంట్ కాదు, అది కూడా ఇంధనమే, పెట్రోల్‌కు 14.7 వంతుల గాలి కావాలంటే దానికి ఆరున్నర చాలు. కాబట్టి పంపకం తేడా వస్తే ఒక సిలిండర్ రిచ్ (ఇంధనం ఎక్కువ), ఇంకోటి లీన్ (ఇంధనం తక్కువ), పొగ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ చూసేది నాలుగింటి సగటు కాబట్టి దానికి అంతా బాగానే కనిపిస్తుంది, లోపల మొదటి సిలిండర్ మాత్రం కొట్టుకుంటుంటుంది. అందుకని రేసింగ్ వాళ్ళు ఒక్కో రన్నర్‌కు (మానిఫోల్డ్ నుంచి ఒక్కో సిలిండర్‌కు పోయే గొట్టం) ఒక్కో చిన్న నాజిల్ పెడతారు. పంపకం సరిపోతుంది గానీ నాజిల్ రంధ్రం చిన్నదయ్యేకొద్దీ నలుసు పడి మూసుకుపోతుంది, నాలుగింటిలో ఒకటి మూసుకుంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

చూసినారా, ఏ జాగా కూడా ఉచితం కాదు, ఒకటి బాగుపడితే ఇంకోటి చెడుతుంది. ఏది ఎంత చెడుతుందో కొలిచి చెప్పేవాడే ఇంజనీరు, మిగతావాళ్ళు వీడియోలు చూసి డ్రిల్ మిషన్ పట్టుకునేవాళ్ళు. (కోపం తెచ్చుకోవద్దు బాబూ.)

అందుకని నేను చెప్పే దారి ఇది. స్క్రాప్ షాపులో నాలుగు సిలిండర్ల పాత మానిఫోల్డ్ ఒకటి కొనుక్కో. నాలుగు రన్నర్లకు నాలుగు సీసాలు తగిలించి వెనక నుంచి బ్లోయర్‌తో గాలి పీల్చేట్టు చేయి, ముందర నుంచి ఉత్త నీళ్ళు తుంపర కొట్టు, మిథనాల్ జోలికి పోవద్దు. మందు కొట్టే స్ప్రేయర్ల అంగట్లోనే సన్నటి నాజిల్స్ దొరుకుతాయి. పది నిమిషాలు నడిపి ఒక్కో సీసా తూకం వేసి రాసుకో, నాజిల్ జరుపు, మళ్ళీ తూకం వేయి, కోణం మార్చు, మళ్ళీ తూకం. నిజం ఇంజన్‌లో గాలి వాల్వులు తెరుచుకుని మూసుకునేకొద్దీ కుదుపు కుదుపుగా పోతుంది, నీ బ్లోయర్‌లో ఒకే తీరుగా పోతుంది, ఆ తేడాను రిపోర్టులో నువ్వే ముందు రాసెయ్యి, ఎవరో అడిగేదాకా ఆగొద్దు. తర్వాత అదే మానిఫోల్డ్‌ను గాలి, ద్రవం ప్రవాహాలు లెక్కగట్టే ఓపెన్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో గీసి చుక్కల లెక్క నడుపు, అది ఫ్రీనే. సీసాల్లో వచ్చిన లెక్కకు కంప్యూటర్‌లో వచ్చిన లెక్కకు ఎంత దూరముందో చెప్పగలిగితే ఫైనలియర్ ప్రాజెక్టు అయిపోయినట్టే, అదీ కొనుక్కొచ్చిన ప్రాజెక్టు కాకుండా.

బ్యాక్‌లాగ్ సంగతికొస్తే, ఇంజన్ పిచ్చి ఉండే పిల్లోడికి థర్మో పోవడం నాకేం ఆశ్చర్యం కాదు, ఫార్ములాలు బట్టీ పట్టమంటే అట్లే అవుతుంది. వాడికి ఈ లెక్క ఇవ్వండి: సెకనుకు 100 గ్రాముల గాలి పోతోంది, దాంట్లోకి సగం నీళ్ళు సగం మిథనాల్ 1.25 గ్రాములు కొడుతున్నాం, అంతా ఆవిరైతే గాలి ఎన్ని డిగ్రీలు చల్లబడుతుంది? జవాబు 21 డిగ్రీల దగ్గర రావాల. నిజంగా మానిఫోల్డ్‌లో అంత రాదు, ఎందుకు రాదో వాడే చెప్పగలిగితే సప్లిమెంటరీ పరీక్షకు సగం చదివేసినట్టే. ఈ సారి పాసవ్వాల్సిందే, పెండింగ్ సబ్జెక్టు ఉంటే చాలా కంపెనీలు ఇంటర్వ్యూ గది దాకా కూడా రానీయవు.

ఇంటి కారు ఎందుకు వద్దంటే, వారంటీ పోతుంది, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చొద్దంటుంది, రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళకు ఆ మాట చాలు. పవర్ కోసం స్పార్క్ ఇంకా ముందుగా కొట్టేట్టు టైమింగ్ పెంచుకున్నాక ట్యాంకులో నీళ్ళు మిథనాల్ మిశ్రమం అయిపోతే గనక నిమిషాల్లో ఇంజన్ పోవచ్చు, ఫ్లో సెన్సర్ చూసి బూస్ట్ (టర్బో ప్రెషర్) తగ్గించే ఏర్పాటు లేకుండా దీన్ని తెలిసినవాళ్ళు నడపరు. మిథనాల్ సంగతి అంతకన్నా ఘోరం, 11 డిగ్రీలకే అంటుకునే ఆవిరి ఇస్తుంది, పగటిపూట దాని మంట కంటికి సరిగా కనపడదు, కడుపులోకి పోతే చూపు పోతుంది, ప్రాణమే పోతుంది. డబ్బా ఏదైనా ఇంటికి తెచ్చిపెట్టినాడేమో ఈ రాత్రే కనుక్కోండి.

ఉద్యోగాల మాట నిజంగా చెప్పాలంటే, పెనుకొండ దగ్గర కియా ఉంది కదా అని అందరూ అదే అంటారు, అక్కడ ఎక్కువ ఉండేది ప్రొడక్షన్, క్వాలిటీ, మెయింటెనెన్స్, మంచి ఉద్యోగాలే గానీ మీవాడు కోరుకునే పని అది కాదు. వాడిది ఇంజన్ క్యాలిబ్రేషన్ (సెట్టింగులు కొలిచి సరిచేయడం), టెస్టింగ్, సిమ్యులేషన్ (కంప్యూటర్‌లో నడిపి చూడడం) పని. అది బెంగళూరు, చెన్నై, పూణేల్లో ఉంది, పూణే ఏఆర్ఏఐ, ఓరగడంలో జీఏఆర్‌సీ లాంటి టెస్టింగ్ సంస్థలు కూడా ఉన్నాయి. బీటెక్‌తో నేరుగా దూరడం కష్టం, గేట్ రాసి థర్మల్‌లోనో ఐసీ ఇంజన్స్‌లోనో ఎంటెక్ చేస్తే దారి సులభమవుతుంది. పెట్రోల్ ఇంజన్లకు ముందుముందు రోజులు తగ్గుతాయి, ఆ భయం మీకుంటే తప్పు కాదు, కానీ పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ వచ్చేసినాక ఆల్కహాల్‌తో ఇంజన్ ఎట్లా నడుస్తుందో తెలిసినవాడికి ఇప్పుడే పని ఉంది, గాలి, వేడి, ద్రవం లెక్కలు వచ్చినవాడు రేపు బ్యాటరీ కూలింగ్‌కు పోయినా అదే సాఫ్ట్‌వేర్, అదే బుర్ర. మీరడిగిన సాఫ్ట్‌వేర్ కోచింగ్ బదులు పైథాన్, మ్యాట్‌ల్యాబ్ నేర్చుకోమనండి, సీసాల తూకాలు వాటిల్లోనే గ్రాఫు గీయమనండి.

ఇంక ఆ లక్ష రూపాయల కోర్సు. ఇప్పుడు కట్టొద్దు. ఫోన్ చేసి డైనో (ఇంజన్ పవర్ కొలిచే మిషన్) సొంతంగా ఉందా, ఒక్కో పిల్లోడు దానిమీద ఎన్ని గంటలు పనిచేస్తాడు, పోయినేడు చేరినవాళ్ళు ఇప్పుడు యాడుండారో ఇద్దరి నంబర్లు ఇస్తారా అని అడగండి. నంబర్లు ఇస్తే ఆ పిల్లోళ్ళతో మీరే మాట్లాడండి, మీవాడితో మాట్లాడించొద్దు, వాడు కార్ల గురించి అడిగి ఫోన్ పెట్టేస్తాడు, జీతం సంగతి మీరే అడగాల.